మడత మంచం

ప్రియమైన నాన్నకి,

మూడో అంతస్తు నుంచి కింద వడ్రంగి కొట్టుకి ఉత్తరమేంటని నవ్వకు. నోటితో అడిగితే నువ్వో జోకు వేస్తావు, నేను నవ్వేస్తాను, అసలు సంగతి మెట్ల దగ్గరే ఆగిపోతుంది. అందుకే అన్నం డబ్బాలో పెట్టి పంపుతున్నా.

సిటీకి ఆ చివర ఒక ఇల్లు చూశాం. మూడు గదులు. అద్దె ఇక్కడి ఒక్క గదికి ఇచ్చేదే. ఎందుకంటే అక్కణ్ణుంచి ఎక్కడికి పోవాలన్నా రెండు బస్సులు మారాలి. మీ అల్లుడు కళ్లజోళ్ల షాపుకి రోజూ వచ్చిపోతానంటున్నాడు. ఒక్క గదిలో ఇద్దరు పిల్లలతో ఇక్కడి సంగతి నీకు తెలుసు. నా కుట్టుమిషను మూస్తేనే గోడకున్న మడత మంచం దిగుతుంది, మంచం దిగితే బీరువా తెరుచుకోదు. మొన్న ఆయన చొక్కా తీసుకోవడం మర్చిపోయి తువ్వాలు కప్పుకునే భోంచేశాడు.

మూడో గది చిన్నది. అది నీకు. కొట్టు వెనకాల ఆ రంపంపొట్టులో ఒక్కడివే ఎందుకు పడుకోవడం? అమ్మ పోయినప్పట్నుంచీ మనిద్దరం ఒకరి కేక ఒకరికి వినపడనంత దూరం ఎప్పుడూ పోలేదు. అందుకే అడుగుతున్నా. వెళ్లమంటావా, ఉండమంటావా? నువ్వు ఉండమంటే ఉండిపోతాం. నిజం చెప్పు. నెలాఖరుకి ఆ ఇంటాయనకి మాట ఇవ్వాలి.

నీ
అమ్మడు

*

ప్రియమైన అమ్మడూ,

మా ఊరి బడిలో మాస్టారు ఉత్తరం రాయడం నేర్పారు. ముందు క్షేమం, మధ్యలో విషయం, చివర్లో మర్యాద. విషయం ఇబ్బందిగా ఉంటే క్షేమాన్ని సాగదీయొచ్చని ఆయన చెప్పలేదు. అది నేనే కనిపెట్టాను.

క్షేమం: నా మోకాలు బాగానే పనిచేస్తోంది, వాన సంగతి ఒకరోజు ముందే చెప్పేస్తోంది. పక్కనున్న చెప్పుల షాపాయనకి స్టూలు బాగుచేసిచ్చా. మళ్లీ విరుగుతుందేమోనని నించునే వ్యాపారం చేస్తున్నాడు. నువ్వు పంపిన కూరలో కారం తగ్గింది. ఉత్తరంలో వేసేసినట్టున్నావు.

విషయం: చోటు అనేది ఉండదమ్మా, చేసుకోవాలి. నీ మంచం గోడకి బిగించిన రోజు కూడా ఇలాగే కంగారుపడ్డావు. తర్వాత మడత బల్ల వచ్చింది, బట్టలారేసుకునే మడత కర్రలు వచ్చాయి. ఏదైనా ఆగిందా? ఇప్పుడు బీరువా తలుపుకి ఒక పలక బిగిస్తాను. దించితే నా మనవరాలికి చదువుకునే బల్ల, ఎత్తితే తలుపు. కొలతలు తీసుకోడానికి రేపు సాయంత్రం పైకొస్తా.

ఆ చిన్నగది మాట మర్చిపో. రంపంపొట్టు వాసన లేకపోతే నాకు నిద్రపట్టదు.

ఇట్లు,
నీ నాన్న

*

నాన్నా,

ప్రియమైన అని రాయలేదు, గమనించు.

వెళ్లమంటావా ఉండమంటావా అని అడిగితే పలక బిగిస్తానంటావా? పోనీ ఆ పలకకైనా వచ్చావా? చేతిలో టేపు పట్టుకుని రెండో అంతస్తు దాకా వచ్చి, అక్కణ్ణుంచే వెనక్కి వెళ్లిపోయావట. ఇస్త్రీ ఆయన చెప్పాడు. రెండు రోజులైంది. ఖాళీ డబ్బా వస్తోంది, మాట మాత్రం రావడం లేదు.

కోపమొచ్చిందని అర్థమైంది. కోపమైతే కోపమని రాయొచ్చుగా? ఆ ఇంటాయన రెండుసార్లు అడిగించాడు. రేపు మాకొద్దని చెప్పేస్తున్నా. ఇన్నాళ్లూ సర్దుకోలేదా, ఇకముందూ సర్దుకుంటాం.

అమ్మడు

*

ప్రియమైన అమ్మడూ,

ఈసారి క్షేమం లేదు, నేరుగా విషయం. వద్దని చెప్పకు. వెళ్లండి.

కోపం కాదమ్మా. ఆ సాయంత్రం నీ కూతురు రెండో అంతస్తు మెట్ల మీద కూర్చుని ఉంది, ఒళ్లో పుస్తకం పెట్టుకుని.

"ఏంటే, ఇక్కడ కూర్చున్నావ్?"

"లెక్కలు తాతయ్యా."

"ఇంట్లో చేసుకోవచ్చుగా?"

"అన్నీ మడతపెట్టేశాక కూడా నేను మిగిలిపోతున్నా తాతయ్యా."

ఏడుస్తూ అనలేదు. సాయంత్రం ఎండ తగ్గిందని ఎలా చెబుతారో అలా చెప్పింది. ఇంతలో ఇస్త్రీ ఆయన మూటతో ఎక్కొచ్చాడు. పిల్ల టక్కున లేచి, పుస్తకం గుండెకి హత్తుకుని, గోడకి అతుక్కుపోయి దారిచ్చింది. అచ్చం నా మంచంలాగే. కాదు, నేను చేసిన ఏ మంచమూ అంత బాగా మడతపడదు. చేతిలో టేపుంది గానీ ఇంకేం కొలవాలో తెలీలేదు. దిగొచ్చేశా. రెండు రోజులూ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నా, ఒక్క జోకూ తోచలేదు. అందుకే ఆలస్యం.

ఇన్నేళ్లలో నువ్వు నా మంచాన్ని ఒక్క మాట అనలేదు. నీకు రుణపడి ఉంటాను. కానీ నా కేక నీకు వినపడాలని ఆ పిల్ల మెట్ల మీద చదవకూడదు.

నేను మాత్రం రాను. అలక కాదు. ఈ వీధిలో ఏ తలుపు బిగుసుకుపోయినా ముందు నన్నే పిలుస్తారు. అక్కడి తలుపులకి నేనెవరో తెలీదు.

నీ
నాన్న

*

ప్రియమైన నాన్నకి,

కొత్తింటి నుంచి రెండు బస్సుల్లో వచ్చేసరికి డబ్బా చల్లారిపోయి అందుతోందని తెలుసు. మొన్నయితే అసలు అందేది కాదట. మీ అల్లుడు బస్సులో నిద్రపోయి చివరి స్టాపు దాకా పోయాడు.

నువ్వు చేసి పంపిన బల్ల చేరింది. మడత ఎక్కడుందా అని పెద్దది దాని కిందికి దూరి వెతికింది. లేదే, కాళ్లు అలాగే నిలబడతాయంటే నమ్మలేదు. ఇప్పుడు పుస్తకాలన్నీ పరుచుకుని కూర్చుంటోంది, అన్నానికి పిలిచినా లేవదు. బుడ్డోడు గదుల్లో పరిగెడుతూ "ఇంకా ఉంది, ఇంకా ఉంది" అని అరుస్తున్నాడు, ఇల్లు అయిపోవడం లేదని. నా మిషను రోజంతా తెరిచే ఉంటోంది. సాయంత్రమయ్యేసరికి చేతులు వాటంతటవే మూయడానికి పోతున్నాయి.

ఒక మాట. నువ్వు చేసిన మడతలే లేకపోతే ఆ గదిలో మేం ఏడాది కూడా ఉండలేకపోయేవాళ్లం. నీ పక్కన అన్నేళ్లుండే చోటు నువ్వే చేసిపెట్టావు నాన్నా. అప్పుడు చెప్పాల్సింది, ఇప్పుడు చెబుతున్నా.

కానీ బల్లతో పాటు ఒక మడత మంచం ఎందుకు పంపినట్టు? "ఎప్పుడైనా వస్తే వేసుకుంటా, పోతూ మడిచి గోడకి ఆనిస్తా, గది మీకే" అన్నావట. చుట్టంలాగా. సరే, ఆదివారం రా. నీతో మాకు పనుంది.

నీ
అమ్మడు

*

ప్రియమైన అమ్మడూ,

క్షేమంగా చేరాను. రెండో బస్సులో ఒకమ్మాయి లేచి సీటిచ్చింది. నేను ముసలాణ్ణయ్యానన్న కబురు సిటీ ఆ చివరికి కూడా చేరిపోయిందన్నమాట.

మధ్యాహ్నం అన్నం తిని ఆ చిన్నగదిలో నడుం వాల్చానా, రంపంపొట్టు లేకపోయినా నిద్రపట్టేసింది. ఈ సంగతి కొట్టు దగ్గర ఎవరికీ చెప్పకు. లేచాక, మర్యాదగా మంచం మడిచి గోడకి ఆనిద్దామని పట్టుకుంటే కదల్లేదు. నేను చేసిన మంచం నాకే లొంగలేదు! తలుపు దగ్గర బుడ్డోడు రెండు చేతులతో నోరు మూసుకుని నవ్వుతున్నాడు. వంగి చూశా. మడిచే చోటల్లా, మడతబందు మీద నుంచి అడ్డంగా మేకు. ఒక్కటీ తిన్నగా దిగలేదు.

ఎవరి పనో అడగక్కర్లేదు, భోజనాల దగ్గర అల్లుడుగారి బొటనవేలికి కట్టు చూశాగా. కళ్లజోడుకి ఆవగింజంత మర బిగించే మనిషి, మేకు కొట్టడం ఇంత ఘోరంగానా! ఆయనకి నా దణ్ణాలు చెప్పు. వేలికి మందు రాస్తున్నాడా?

పట్టకారు నా సంచిలోనే ఉంది. బయటికి తీశాను కూడా. కాసేపు పట్టుకుని కూర్చుని, మళ్లీ సంచిలో పెట్టేశా. నువ్వు వంటింట్లో ఉన్నావు, చూళ్లేదు.

ఇకనుంచి శనివారం కొట్టు మూయగానే బయల్దేరతా, సోమవారం పొద్దున అల్లుడుగారితో పాటు బస్సెక్కుతా. నిద్రపోకుండా చూసుకునే మనిషి ఉండాలిగా. ఈసారి సుత్తి తెస్తున్నా. ఆ మేకుల తలలు పైకి తేలి ఉన్నాయి, పిల్లలకి గీరుకుంటాయి. బాగా లోపలికి దిగ్గొట్టాలి.

ఇట్లు,
చుట్టం కాని
నాన్న