నల్ల అంచు కాగితం

సోమవారం

మావయ్యకి నమస్కారాలు. ఇక్కడ నేను కులాసా. నువ్వు ఫోన్ ఎత్తవు కాబట్టి ఈ ఉత్తరం.

నా పుస్తకం అచ్చవుతోంది! పన్నెండు కథలు, వాటికి నేనే వేసిన బొమ్మలు, అట్ట మీద నేను చేసిన మట్టిబొమ్మ ఫోటో. కానీ పబ్లిషర్ ఒక మెలిక పెట్టాడు. "కథలు రాస్తావు, బొమ్మలు వేస్తావు, మట్టి పిసుకుతావు. ఇంతకీ నువ్వెవరని జనం అడిగితే ఏం చెప్పను? ముగ్గురు పెద్దవాళ్ళ మెచ్చుకోలు మాటలు తెస్తే వెనక అట్ట మీద వేస్తాను. నెలాఖరు శుక్రవారం లోగా రాకపోతే నీ కాగితాలు నువ్వు పట్టుకుపో" అన్నాడు. నాలుగేళ్ళ కష్టం మావయ్యా.

నువ్వు పత్రికలో ముప్పై ఏళ్ళు సంతాప ప్రకటనల పేజీ చూశావు. పెద్దవాళ్ళంతా నీకు తెలుసు. నేను చదివిన ఆర్ట్ కాలేజీ ప్రిన్సిపాల్‌ని, నాటకాల దర్శకుణ్ణి, విమర్శకుణ్ణి నువ్వే అడిగిపెట్టాలి. కథల నకళ్ళు, నా ఫోటోలు పంపుతున్నాను.

నీ మీదే భారం వేసిన
చిట్టి

తా.క.: విమర్శకుడి మీద నాకు ఆశ లేదు. ఎవరో పెళ్ళి శుభలేఖ ఇస్తే, తప్పులు దిద్ది వెనక్కి పంపాడట.

---

చిరంజీవి చిట్టికి మావయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ క్షేమమని తలుస్తాను.

వారం తిరక్కుండా ముగ్గురూ రాసేశారు! నా పద్ధతి నీకు తెలుసుగా, సోది ఉండదు. "మా మేనకోడలి గురించి నాలుగు మంచి మాటలు రాసి పంపగలరు. ఫోటో, కథలు జతపరిచాను. ఆరు లైన్లు మించరాదు." అంతే.

ప్రిన్సిపాల్: "అలాంటి చేతుల్ని మా కాలేజీ మళ్ళీ చూడదు." దర్శకుడు: "ఈ లోటు ఎవరూ పూడ్చలేరు." ఇక విమర్శకుడు, గుండె చిక్కబట్టుకుని చదువు: "ఇన్ని పనులు ఇంత బాగా చేసిన మనిషి గురించి ఒక్క మంచి మాట రాయడానికి నాకు ఇంతకాలం పట్టింది. సిగ్గుపడుతున్నాను."

ఇలాంటివి వేలకొద్దీ అచ్చువేసిన నాకే కళ్ళు చెమర్చాయి. అసలు కాగితాలు పబ్లిషర్‌కి పంపేశాను.

నీ మేలు కోరే
మావయ్య

తా.క.: ఆఫీసు వదిలేటప్పుడు తెచ్చుకున్న కాగితం బీరువా నిండా ఉంది. నల్ల అంచుతో భలే హుందాగా ఉంటుంది. ముగ్గురికీ దాని మీదే రాశాను. నువ్వు సొంతమనిషివి కాబట్టి నీకు ఈ కార్డుతో సరిపెట్టాను.

---

మావయ్యా, నమస్కారాలు తర్వాత. నేను చచ్చిపోయానట!

ప్రిన్సిపాల్‌గారికి కృతజ్ఞతలు చెబుదామని ఈ ఉదయం కాలేజీకి వెళ్ళాను. హాల్లో అందరూ తలలు వంచుకుని నిలబడ్డారు. పాపం ఎవరో పోయారనుకుని నేనూ వెనక వరసలో నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటించాను. తలెత్తి చూస్తే ఎదురుగా నా ఫోటో, దాని ముందు తెల్ల పూలు. నాకు పైప్రాణాలు పైనే పోయాయి.

నన్ను చూసి ప్రిన్సిపాల్ కుర్చీలో కూలబడ్డాడు. మంచినీళ్ళిస్తే నా చేతి నుంచి తీసుకోనన్నాడు. తేరుకున్నాక ముందు ఏడ్చాడు, తర్వాత మండిపడ్డాడు. "బతికున్నదానికి అంత పొగడ్తా? ఇక్కడ ముప్పైమంది టీచర్లున్నారు, నన్ను బతకనిస్తారా?" అని తన మాటలు వాపసు తీసుకున్నాడు. సాయంత్రానికి దర్శకుడూ వాపసు తీసుకున్నాడు. నేను బతికున్నందుకు నా పుస్తకం పోతోంది మావయ్యా! ఏడుపొస్తోంది.

ఊపిరితోనే ఉన్న
చిట్టి

తా.క.: నేను పోయానన్న కబురు విని ఇంటి ఓనరు నా గదికి అప్పుడే ఇంకొకాయన్ని చూశాడు. మంచం ఎక్కడ పడుతుందా అని ఆయన టేపుతో కొలుస్తుంటే నేను లోపలికి వెళ్ళాను. టేపు అక్కడే వదిలేసి పారిపోయాడు.

---

చిరంజీవి చిట్టికి (ఆ మొదటి మాట ఈసారి ఒత్తి చదువుకో) మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం మీ అత్తయ్యకి చదివి వినిపించాను. "నల్ల అంచు కాగితం మీద ఫోటో పెట్టి మంచి మాటలడిగితే ఎవరైనా ఏమనుకుంటారండీ?" అని మీ అత్తయ్య అనేదాకా నాకు తట్టనే లేదు. ముప్పై ఏళ్ళూ నా బల్ల మీదికి మంచి మాటలు అలాగే వచ్చాయి. ఇంకో రకంగా వస్తాయని నాకేం తెలుసు?

వెంటనే ముగ్గురికీ సవరణ పంపాను: "మా మేనకోడలు బతికే ఉంది. పొరపాటుకు చింతిస్తున్నాం."

తల ఎత్తుకోలేని
మావయ్య

తా.క.: కంగారులో సవరణ కూడా ఆ కాగితం మీదే రాశాను. దర్శకుడు అంచు చూసి, లోపల చదవకుండానే, ఈసారి నేను పోయాననుకుని మీ అత్తయ్యను ఓదార్చడానికి వచ్చాడు. తలుపు నేనే తీశాను.

---

మావయ్యకి నమస్కారాలు.

ఇక మిగిలింది విమర్శకుడొక్కడే. నీ సవరణ చూశాక ఆయన మాత్రం ఊరుకుంటాడా? అయినా నువ్వు స్వయంగా వెళ్ళి క్షమాపణ చెప్పు. అబద్ధం మీద వచ్చిన పొగడ్త నా అట్ట మీద నాకొద్దు. రేపే శుక్రవారం. సాయంత్రం వెళ్ళి నా కాగితాలు తెచ్చేసుకుంటాను.

చిట్టి

తా.క.: "శుక్రవారం దాకా చచ్చినట్టు పడుండలేకపోయావా, రెండో ముద్రణ కూడా వేసేవాణ్ణి" అన్నాడు పబ్లిషర్. నిజంగానే అన్నాడు.

---

చిరంజీవి చిట్టికి మావయ్య ఆశీస్సులు. ఈ ఉత్తరం మనిషి చేత పంపుతున్నాను. చదివేదాకా గది కదలకు.

నేను చెప్పులేసుకునే లోపే విమర్శకుడే మా ఇంటికి వచ్చాడు. చేతిలో నా రెండు ఉత్తరాలూ ఉన్నాయి. "ఈ సవరణ ఎవడు పంపమన్నాడయ్యా నిన్ను?" అని గుమ్మంలోనే కేకలు.

"అమ్మాయి బతికే ఉందండీ" అన్నాను.

"నాకు తెలియదా? నీ మొదటి ఉత్తరం అందిన సాయంత్రమే లైబ్రరీలో నా ఎదురుగా కూర్చుని మూడుసార్లు తుమ్మింది."

"మరి... ఎందుకు రాశారండీ?"

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "కథలు బాగున్నాయి. నలభై ఏళ్ళు తిట్టినవాణ్ణి, బతికున్న మనిషిని మెచ్చుకోవాలంటే మొహం చెల్లలేదు. అందరితోపాటు నేనూ పొరబడ్డాననుకుంటారులే అని రాసేశాను."

తర్వాత మా ఫోన్ తీసుకుని మిగతా ఇద్దరినీ దులిపేశాడు. "ఆ పిల్లకి ఊపిరి ఉందని తెలియగానే ఆ చేతులు మామూలువైపోయాయా?" అన్నాడు. ముగ్గురి మాటలూ మళ్ళీ పబ్లిషర్‌కి చేరాయి. పుస్తకం అచ్చుకి వెళ్తోంది.

నాకూ సిగ్గేసిందమ్మా. వేలమంది గురించి మంచి మాటలు అచ్చువేశాను, వాళ్ళలో ఒక్కరూ వాటిని చదువుకోలేదు. నీ కథలు చదివి నేను రెండుసార్లు ఏడ్చాను. నీకు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

నిన్ను చూసి గర్వపడే
మావయ్య

తా.క.: వెళ్తూ వెళ్తూ ఆయన ఒక మాట చెప్పమన్నాడు. నువ్వు బతికే ఉన్నావట గానీ, ఆరో కథ ముగింపు మాత్రం ఎప్పుడో పోయిందట. రాత్రికి రాత్రి తిరగరాయమన్నాడు.