లెక్క తేలని ఎర్ర వైరు

చిరంజీవి అమ్మడికి,

నాన్న దీవెనలు. ఇక్కడ నేనూ మీ అమ్మా తిని తిరుగుతున్నాం. అక్కడ నువ్వు, అల్లుడు, నీ కడుపులో కాళ్ళు ఆడిస్తున్న బుల్లి ప్రాణం అంతా కులాసాయేనని తలుస్తాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. రెండోసారి చదువుతుంటే మీ అమ్మ నా చేతిలోంచి లాక్కుని తనూ చదివింది. "అంతా మీ మెషీను గొడవే. నా మోకాళ్ళ గురించి ఒక్క ముక్కేనా?" అని మూతి ముడిచింది. కాబట్టి ముందు మోకాళ్ళు. డాక్టరమ్మ మెట్లెక్కొద్దంది. మీ అమ్మ బుద్ధిగా తలూపి, ఇంటికొచ్చి, తడిబట్టల బకెట్టు పట్టుకుని డాబా మీదికి వెళ్ళింది. నేను కేకలేస్తే, "ఊళ్ళో అందరి లిఫ్టులూ బాగుచేస్తారు, ఇంట్లో ఒక్కటి పెట్టించలేకపోయారు" అని ఎదురు తిరిగింది. మామూలుగా అయితే ఆ మాటకి నా దగ్గర నాలుగు జవాబులుంటాయి. ఈసారి వెళ్ళి బకెట్టు అందుకున్నాను. ఆవిడ కూడా అది గమనించింది.

ఇక నీ పెద్ద ప్రశ్న. మీ కంపెనీలో చేస్తున్న చేతి ఆటల మెషీన్ని వచ్చే మోడలు నుంచి జేబు కంప్యూటరని కూడా అమ్మాలా వద్దా అని మీటింగు పెడుతున్నారనీ, అందులో నువ్వు మాట్లాడాలనీ రాశావు. "మా నాన్న రెండేళ్ళుగా దాంతోనే లిఫ్టులు బాగుచేస్తున్నాడు" అని చెబితే మీ పెద్దాఫీసర్లు నోరెళ్ళబెట్టారట. లిఫ్టు గోతిలో నేను ఒక చేత్తో కమ్మీ, ఒక చేత్తో మెషీను పట్టుకుని నవ్వుతున్న ఫోటోని డబ్బా మీద అచ్చు వేస్తారట. నాకు అభ్యంతరం లేదని సంతకం పెట్టి పంపమన్నావు. ఆ కాగితం ఇదిగో, ఈ బల్ల మీదే ఉంది. సంతకం పెట్టలేదు.

కంగారు పడకు, మొదట్నించీ చెబుతాను. నువ్వు నవ్వుతావు గానీ, పని చెప్పేటప్పుడు నేను గొయ్యి అడుగు నుంచి మొదలుపెట్టాల్సిందే, పై అంతస్తు నుంచి మొదలుపెట్టడం నాకు చేతకాదు.

ఆ మెషీను మంచిది కాదని నేననను. మా కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ ఇటుకరాయంత బరువు. దాన్ని లిఫ్టు పెట్టె నెత్తిన పెట్టుకుని, వంగి, చీకట్లో అక్షరాలు నొక్కేసరికి నా నడుం ఎన్నిసార్లు పట్టేసిందో నీకు తెలుసు. అది చూడలేకే నువ్వు మెషీను తెచ్చి, ఎవర్నో పట్టుకుని మా లిఫ్టు ప్రోగ్రాం అందులో ఎక్కించి, "ఆటలకి ఆటలు, పనికి పని, జేబులో పడుంటుంది నాన్నా" అని నా చేతిలో పెట్టావు. నేను దాన్ని ఎంత మురిపెంగా చూసుకునేవాణ్ణంటే మీ అమ్మ దానికి 'చిన్నమ్మాయి' అని పేరు పెట్టేసింది. "చిన్నమ్మాయి నిద్రపోయిందా? అయితే అన్నానికి రండి" అనేది. ఇప్పుడు ఆ పేరు ఎత్తడం మానేసింది.

నీకు మా పనిలో ఒక ముఖ్యమైన సంగతి తెలియాలి. లిఫ్టు ప్రతి అంతస్తులోనూ బయటి తలుపుకి ఒక తాళం ఉంటుంది. పెట్టె ఆ అంతస్తులో లేకపోతే ఆ తలుపు తెరుచుకోకూడదు. అన్ని తాళాలూ సరిగ్గా పడ్డాయని తెలిస్తేనే లిఫ్టు కదలాలి. కానీ చెడిపోయిన తాళం బాగుచేయాలంటే, కాసేపు లిఫ్టుకి అబద్ధం చెప్పాలి. తాళం పడకపోయినా పడిందని నమ్మించాలి. పాత లిఫ్టుల్లో ఆ అబద్ధం మేం చెప్పేది ఎర్ర వైరుతో. రెండు మొనల మధ్య వైరు తగిలిస్తే చాలు, లిఫ్టు నమ్ముతుంది.

నాకు పని నేర్పిన మేస్త్రి మొదటిరోజే మూరెడేసి ఎర్ర వైర్లు మూడు ఇచ్చాడు. "ఇవి సంచిలో కాదురా, మెడలో వేసుకో. మూడుతో లోపలికి వెళ్ళావు, మూడుతో బయటికి రావాలి. రెండే ఉంటే ఇంటికెళ్ళకు. మీ ఇల్లు తగలబడుతోందన్నా వెళ్ళకు" అన్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళు అలాగే చేశాను. నా పెళ్ళిరోజున కూడా దండ సర్దుకుంటూ వైర్లు లెక్కపెట్టుకోబోయానని మీ అమ్మ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

కొత్త లిఫ్టులకి వైరు అక్కర్లేదు. ఆ అబద్ధానికి ప్రోగ్రాంలో ఒక గడి నొక్కితే చాలు. ల్యాప్‌టాప్‌లో అయితే పని అయ్యాక ప్రోగ్రాం మూసెయ్యాలి. మూసేటప్పుడు అది అడుగుతుంది: తాళాల తనిఖీ ఇంకా ఆపే ఉంది, మళ్ళీ పెట్టమంటారా అని. ఒక్క ప్రశ్నే. కానీ మేస్త్రి మెడలో వేసిన వైరంత విలువైనది.

చిన్నమ్మాయిని ఎవరూ మూయరు. పైన బటన్ నొక్కితే నిద్రపోతుంది. మళ్ళీ నొక్కితే ఎక్కడ ఆపావో అక్కణ్ణుంచి లేస్తుంది. నువ్వే గొప్పగా చూపించావు గుర్తుందా? "ఆట మధ్యలో ఎవరైనా పిలిచినా భయం లేదు నాన్నా" అన్నావు. నిజమే, భయం లేదు. మూయందే ప్రశ్న లేదు, ప్రశ్న లేకపోతే భయమూ లేదు.

మూడు వారాల కిందట ఒక పళ్ళ డాక్టరు ఉండే నాలుగంతస్తుల భవనం నుంచి ఫోనొచ్చింది. మూడో అంతస్తులో పాటల టీచరొకావిడ ఉంటారు. చూపు బాగా తక్కువ, చేతికర్ర ముందు పెట్టి నడుస్తారు. తలుపు లాగారు, తెరుచుకుంది. అలవాటుగా కర్ర ముందు పెట్టారు. కర్రకి నేల తగల్లేదు. చేతిలోంచి జారిపోయింది. నేను వెళ్ళేసరికి ఆవిడ కుర్చీలో కూర్చుని ఉన్నారు. నా అడుగుల చప్పుడు విని, "మెకానిక్కేనా నాయనా? నా కర్ర కింద పడ్డ చప్పుడు చాలాసేపటికి వినబడింది" అన్నారు. తిట్టినా బాగుండేది అమ్మడూ. ఆ తర్వాత మంచినీళ్ళు కావాలా అని అడిగారు.

కళ్ళున్నవాళ్ళయితే చేతిలో ఫోను చూసుకుంటూ నేరుగా అడుగేసేవారు.

గోతిలోకి దిగి కర్ర తెచ్చి ఇచ్చాను. పైకెళ్ళి చూస్తే మూడో అంతస్తు తాళం వదులైంది, తాళాల తనిఖీ ఆపే ఉంది. రెండు నెలల కిందట ఆ లిఫ్టు చూసింది నేనే. నా చెయ్యి దానంతటదే మెడ దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఏముంటుంది లెక్కపెట్టడానికి?

మా ఇంజనీరు దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన లేచి తలుపేసొచ్చాడు. "పెద్దాయనా, ఎవరికీ ఏం కాలేదుగా? పాత తాళం అరిగిపోయిందని రాసేద్దాం. మెషీను మాట కాగితం మీద పెట్టకు. నీ పెన్షన్‌కి ఎన్నాళ్ళుంది?" అన్నాడు. పద్నాలుగు నెలలన్నాను. "మరి?" అన్నాడు. నేను తలూపి వచ్చేశాను. మీ అమ్మ డాక్టరమ్మకి తలూపినట్టు.

ఇప్పుడు సిగ్గు విడిచి అసలు మాట రాస్తున్నాను. ఆ రోజు ప్రోగ్రాం మూయకపోవడానికి తొందర కారణం కాదు. తాళం సర్దాక లిఫ్టు పదిసార్లు పైకీ కిందికీ తిరగాలి. అంతసేపు ఊరికే కూర్చోవాలి. పాత రోజుల్లో వైర్లు వేళ్ళకి చుట్టుకుంటూ కూర్చునేవాణ్ణి. చిన్నమ్మాయి వచ్చాక, ఆ రంగు పలకలు పేర్చే ఆట ఉంది చూడు, అది ఆడేవాణ్ణి. ప్రోగ్రాం వెనక్కి పోయేది, ఆట ముందుకొచ్చేది. ఆడి ఆడి, ఎక్కువ మార్కులు వస్తే, ఆ సంతోషంలో బటన్ నొక్కి జేబులో వేసుకుని ఈల వేసుకుంటూ దిగిపోయేవాణ్ణి. యాభై ఎనిమిదేళ్ళ గాడిదని. నీతో ఎన్నోసార్లు అనేవాణ్ణి, పని దగ్గర పరాచికాలు వద్దని.

ఆ ఆట నా పెద్ద మార్కులన్నీ తారీకుతో, గంటతో దాచి పెట్టింది. కర్ర పడిన ఆ వారం, ఆదివారం కూర్చుని చూశాను. పగలు పనివేళల్లో ఆడినవి తొమ్మిది. మా రిజిస్టరు పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ పోల్చాను. ఏడు దొరికాయి. ఏడు భవనాలకీ ఊరికే వచ్చానని చెప్పి వెళ్ళి చూశాను. పళ్ళ డాక్టరు భవనం కాక ఒక బట్టల కొట్లో కూడా ఆపే ఉంది. అక్కడ నేను తనిఖీ తిరిగి పెడుతుంటే, ఒక తల్లి ఇద్దరు పిల్లల్ని చెరో చేత్తో పట్టుకుని, "అయిపోయిందా అండీ, ఎక్కొచ్చా?" అని అడిగింది. అయిపోయిందమ్మా అన్నాను.

ఎనిమిదోది రిజిస్టర్లో లేదు. కానీ ఆ తారీకు నాకు బాగా గుర్తు. అన్నిట్లోకీ ఎక్కువ మార్కులు అదే. మీ ఇంట్లోనే, మధ్యాహ్నం అన్నాల దగ్గర నీకు గొప్పగా చెప్పుకున్నాను కూడా. నువ్వు "అబ్బో!" అని నా కంచంలో ఇంకో గరిటె వడ్డించావు. గుర్తొచ్చిందా? మీ లిఫ్టు ఐదో అంతస్తు తలుపు పట్టేస్తోందని నువ్వంటే, లిఫ్టు మా కంపెనీ రకమే కదా, ఎవరో ఎందుకు నేను లేనా అని పైకెళ్ళింది ఆ రోజే.

నువ్వు ఉత్తరం చివర రాశావు కదా: "మా లిఫ్టు తొమ్మిది రోజులుగా ఆపేశారు నాన్నా, ఏ తెలివితక్కువవాడు ఆపించాడో తెలీదు, ఏడో నెలలో ఆరు అంతస్తులు ఎక్కలేక చస్తున్నాను, మళ్ళీ నువ్వొచ్చి చూస్తే బాగుండు" అని. ఆ తెలివితక్కువవాణ్ణి నేనే తల్లీ. మీ భవనం సెక్రటరీగారికి ఫోన్ చేసి, నేనెవరో చెప్పి, తాళం వదులుగా ఉండటం చూశాను, మీ లిఫ్టు కంపెనీ వాళ్ళొచ్చి తనిఖీ చేసేదాకా నడపొద్దని కాళ్ళావేళ్ళా పడ్డాను. తనిఖీ ఆపి వదిలేసింది నేనేనని మాత్రం ఆయనకీ చెప్పలేదు. అంతకు ముందు నలభై ఆరు రోజులు నువ్వు ఆ లిఫ్టెక్కి దిగావు. నలభై ఆరు. రోజుకి రెండుసార్లని వేసుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మీ అమ్మ నా చేతిలోంచి పెన్ను తీసేసుకుంది.

ఆవిడకి నీ ఉత్తరం వచ్చిన రాత్రే చెప్పాను. ఆ ఉత్తరం తీసి మళ్ళీ చదివింది. మడత పెడుతూ, "మెట్లు ఎక్కనీండి. మెల్లిగా ఎక్కుతుంది. ఎక్కనీండి" అంది.

ఫోన్లోనే చెబుదామని నీకు మూడుసార్లు చేశాను. నీ గొంతు వినగానే "భోంచేశావా?" అని అడిగి పెట్టేశాను. నువ్వు కూడా మూడుసార్లూ తిన్నానన్నావు, పాపం.

తొమ్మిదోది మిగిలింది. పోయిన నెల రెండో బుధవారం, పగలు పదకొండుంబావు. ఆ రోజు నాకు సెలవు. తెలిసినవాళ్ళు ఎవరో "ఒకసారి చూసి పెట్టు" అంటే వెళ్ళి ఉంటాను. కాగితం లేదు, రిజిస్టరు లేదు. మందులషాపు ఆయన్ని అడిగాను, ప్రెస్సు ఆయన్ని అడిగాను, కళ్ళజోళ్ళ షాపుకి కూడా వెళ్ళాను. అందరూ మేం కాదన్నారు. ఒకాయన నవ్వి, "ఏం, ఏదైనా మర్చిపోయొచ్చారా?" అన్నాడు. అవునన్నాను. ఏ భవనమో, ఎన్ని అంతస్తులో, ఎవరి ఇంట్లో టీ తాగానో ఒక్కటీ గుర్తు రావడం లేదు. మార్కులు మాత్రం గుర్తున్నాయి. నాలుగు వేల ఆరు వందలు.

ఇందులో భయంకరమైనదేమిటంటే, ఆ లిఫ్టు ఇవాళ బాగానే నడుస్తూ ఉంటుంది. తాళం బిగువుగా ఉన్నంతకాలం ఎవరికీ ఏమీ కాదు. రేపో, వచ్చే ఏడో ఏదో ఒక అంతస్తులో తాళం మేకు వదులవుతుంది. అప్పుడు లిఫ్టుని ఆపాల్సిన తనిఖీ ఆపదు. నేను రోజూ డ్యూటీ దిగాక సంచి తగిలించుకుని వీధులు తిరుగుతున్నాను, లిఫ్టు కనబడ్డ ప్రతి భవనంలోకీ వెళ్తున్నాను. వాచ్‌మన్లు అనుమానంగా చూస్తున్నారు. ఇంట్లో ఫోను మోగితే ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటున్నాం. ఈ ఉత్తరం డబ్బాలో వేసి, అటునుంచి అటే మా పెద్దాఫీసుకి వెళ్తున్నాను. ఇంజనీరు వద్దన్న మాటలన్నీ కాగితం మీద పెట్టి ఇస్తాను. నేనొక్కణ్ణి వెతికితే తేలేది కాదిది. పెన్షన్ ఏమవుతుందో అవుతుంది.

నువ్వు కుమిలిపోతావని తెలుసు. మెషీను ఇచ్చింది నువ్వే కదా అని. నా నడుం చూసి ఇచ్చావు. తప్పు నాది. కానీ నా అభిప్రాయం అడిగావు కాబట్టి చెబుతాను. ఆటని మధ్యలో వదిలి పోవచ్చు, అందుకే అది ఆట. నా పనిని మధ్యలో వదిలి పోకూడదు. రెండూ ఒకే పెట్టెలో, ఒకే బటన్ కింద పెడితే, నా బొటనవేలికి ఏది ఏదో తెలియలేదు. ముప్పై ఒక్క ఏళ్ళ వేలికే తెలియలేదు. జేబు కంప్యూటరని అమ్ముతారో మానతారో మీ ఇష్టం. అమ్మేటట్టయితే, నిద్రపోయే ముందు అది ఒక్క ప్రశ్న అడగాలి. అడగకపోతే ఆటలకే ఉంచండి.

ఫోటో వద్దు. దాని బదులు ఈ కవర్లో ఒక ఎర్ర వైరు పెడుతున్నాను. మేస్త్రి ఇచ్చిన మూడింట్లో ఒకటి. మిగతా రెండూ మళ్ళీ మెడలో వేసుకున్నాను. మీటింగులో ఈ ఉత్తరం చదివి, వైరు బల్ల మీద పెట్టి, మీ మెషీన్లో ఇదెక్కడుందో చూపించమని అడుగు. నీ ఉద్యోగానికి ఇబ్బంది అనుకుంటే చదవకు, నేనేమీ అనుకోను. అనుకుంటాను, కానీ ఏమీ అనను.

మీ లిఫ్టు కంపెనీవాళ్ళు చూసి వెళ్ళేదాకా మెట్లే ఎక్కు. అంతస్తుకొకసారి కూర్చో. ఆ తర్వాత, ఏ ఊళ్ళో ఏ లిఫ్టయినా సరే, ఎవరు బాగుచేసిందయినా సరే, తలుపు తెరుచుకోగానే అడుగు వేయకు. ముందు కిందికి చూడు. నేల కనబడితేనే వెయ్యి. బిడ్డకి నడక వచ్చిన రోజే ఇది నేర్పు. ఎందుకని అడిగితే, తాతయ్య ఒక లిఫ్టు మర్చిపోయాడని, అది ఇంకా దొరకలేదని చెప్పు.

ఇట్లు,
మెడలో రెండే వైర్లున్న
మీ నాన్న