అది కొట్లాట కాదు సారూ

మునిసిపాలిటీ పెద్దసారు గారికి,

నా పేరు కొక్కుల నాగవ్వ. వయసు డెబ్బై రెండు. నేత కార్మికుల వాడలో కొడుకు, కోడలు, ఇద్దరు మనవరాళ్లతో ఉంటాను. నాకు రాయరాదు, చెప్పి రాయిస్తున్నాను.

మా కాలక్షేప హాలులో ముసలివాళ్లం రోజూ కొట్లాడుకుంటున్నామని ఎవరో అర్జీ పెట్టారట. మీ మనిషి వచ్చి తాళం వేసి పోయాడు. అది కొట్లాట కాదు సారూ, మేం మాట్లాడుకునేదే అట్లా. నలభై ఏళ్లు మరమగ్గాల మోతలో అరుచుకుంటూ పని చేసినవాళ్లం. చెవులు పోయాయి, గొంతు మాత్రం తగ్గలేదు. క్యారం బోర్డు దగ్గర "నీ ఆట అయింది, జరుగు" అన్నా వీధి చివరికి వినబడుతుంది.

ఇంట్లో నోరు తెరిస్తే కోడలు "జర మెల్లగ అత్తమ్మా, పిల్లలు సదువుకుంటుండ్రు" అంటుంది. ఆమె తప్పు కాదు. మెల్లగా మాట్లాడితే నా మాట నాకే వినబడదు, అందుకే ఊరుకుంటాను.

మాతో మగ్గాల మీద పనిచేసిన పర్శరాములు భార్య పోయాక మూగబోయి, ఆ హాలుకు వచ్చాకే నోరు విప్పాడు. తాళం పడి ఇరవై రోజులు. నిన్న వాళ్లింటికి పోయి "ఏందే అన్నా, బువ్వ తిన్నవా?" అని అరిచాను. చెయ్యి ఊపాడు, మాట రాలేదు.

ఒక్కరోజు వచ్చి మా నడుమ కూర్చోండి. మాతో క్యారం ఆడే నర్మద తిట్లు మాత్రం పట్టించుకోవద్దు, ఆమె పలకరింపే అది. పర్శరాములు మళ్లీ అరవాలి సారూ. తాళం తీయండి.

నాగవ్వ ఎడమ బొటనవేలి ముద్ర

సాక్షులు: వేముల నర్మద
గుండెల్లి పర్శరాములు (ఇది చదివి, ఏమీ అనకుండా సంతకం చేశాడు)