నీ ఫోన్‌లో రత్నమ్మ అడిగిన మాట

కరుణా, ఒక ఆడమనిషి గుట్టును టీవీ మీద పెట్టమని ప్రభువు నాకు ఎప్పుడు చెప్పాడు?

మన కాపురాన్ని సగంలో వదిలి నువ్వు కన్నుమూసి నేటికి ఏడాది. ఈ ఎడారి దేశంలో అరబ్బుల ఇళ్ళలో పనిచేసే మన అక్కలు శుక్రవారం సెలవునాడు ప్రార్థన కూడికకు వచ్చినప్పుడు, నువ్వు నర్సువని తమ జబ్బుల గురించి నీ చెవిలో అడిగేవాళ్ళు. ఇప్పుడు నీ ఫోన్‌ని అడుగుతున్నారు. అదే ఫోన్‌ని టీవీకి కలిపి నేను పాటలు చూపిస్తున్నాను.

ఈ ఉదయం పాట కోసం సెర్చ్ తెరిస్తే, అంతకుముందు వెతికినవన్నీ టీవీ మీదికి దిగాయి. "రొమ్ములో గడ్డ, నొప్పి లేదు." మరుగైనదేదీ బయటపడక మానదని అప్పుడే ప్రసంగంలో గర్జించి ఉన్నాను. అదే ఊపులో మైకులో అడిగాను: "ఎవరిదమ్మా ఇది?"

కడప రత్నమ్మ లేచింది. "నాదే అన్నా. మా మేడమ్‌కు తెలిస్తే ఊరికి పంపిచ్చేస్తాది." కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది.

నీ తోటి నర్సు సువార్త మైకు లాక్కుంది. "తలుపేసుకుని ప్రార్థించమన్నది మీకు కాదా, బ్రదర్?"

టీవీ ఆపేశాను.

మనం అడిగింది గుర్తుపెట్టుకోని సెర్చ్ ఇంజిన్ ఒకటుందని సువార్తే చూపించింది. పాతవన్నీ తుడిచేసి అదే పెట్టాను. అందులో తెలుగు పాటలు సరిగా దొరకవు. పుస్తకం చూసి పాడుకుంటాం.

ఫోన్ మరిచిపోయింది, విన్నవాళ్ళు మరిచిపోరు. రత్నమ్మ ఇంకా ఘుబ్రా బస్టాపులోనే కూర్చుందట. మళ్ళీ శుక్రవారం దాకా ఆమెకు సెలవు లేదు. సువార్త డాక్టరమ్మతో మాట్లాడి, కింద కారులో నా కోసం ఎదురుచూస్తోంది. నేనింకా నీకు రాస్తూ కూర్చున్నాను.

కలం పక్కన పెట్టరా ప్రసంగీకుడా! వెళ్ళి ఆ తల్లి కాళ్ళ మీద పడు. ఇవాళే ఆసుపత్రికి తీసుకెళ్ళు!