తొలి మంచుకు ముందే నలిగిన అగి పొద

ఖోర్లో అనే నేను, వయసు డెబ్బై రెండు, గోబీలో గొర్రెలు కాసే నా కొడుకు చులూన్ గుడారానికి పెద్దదాన్ని, ఆసుపత్రి మంచం మీద నుంచి ఈ కార్డు చెప్పి రాయిస్తున్నాను.

చులూన్, కంటి ఆపరేషన్ బాగానే జరిగింది, దిగులు పడకండి. రెండు కళ్లకూ కట్టు ఉంది. నిన్న లారీ డ్రైవర్ దామ్‌దిన్ నన్ను చూడడానికి వచ్చాడు. అతని బూట్ల నుంచి మన వెండిరంగు మేత మొక్క, అగి పొద వాసన లేచింది. కట్టు వెనక మన లోయంతా వెండిలా పరుచుకుంది, మేఘాల నీడలు దాని మీద మెల్లగా నడిచాయి. అక్కడ ఎంతసేపు తిరిగానో తెలియదు. ఉన్నట్టుండి మెలకువ వచ్చినట్టయింది. అది మంచు తగిలిన ఆకు వాసన కాదు, పచ్చి ఆకు వాసన.

"దీన్ని ఎక్కడ తొక్కావురా?"

"మీ లోయలోనే అవ్వా. మీవాడి మంద అక్కడే మేస్తోంది. ఆ ముక్కుండగా మీకు కళ్లెందుకు?"

తొలి మంచు తగిలాకే ఆ ఆకు చేదు తగ్గుతుందని, చలికాలమంతా గొర్రెలకు అదే తిండని నీకు తెలియదా? ఇప్పుడే మేపేస్తే అప్పుడేం పెడతావు, నీ టోపీయా? కార్డు అందిన రోజే మందను బావి వైపు మళ్లించు.

ఎర్ర గొర్రెకు కుంటు తగ్గిందా? కోడలిని ఎండు పెరుగు పంపమను. ఇక్కడి టీలో మనలా ఉప్పు వేయరు.

మీరూ మందా చల్లగా ఉండండి. నా కట్టు విప్పేసరికి ఆ లోయలో అగి ఉండాలి, దామ్‌దిన్ బూట్ల మీది వాసన ఒక్కటే మిగిలిపోకూడదు.

ఖోర్లో వేలిముద్ర.
సాక్షులు: నర్సు సర్నై, డ్రైవర్ దామ్‌దిన్.