తెడ్లు నా పక్కనే

ఏమండీ,

తెరచాపలు కుట్టే షెడ్డుకి వెళ్తున్నాను, సాయంత్రం అయిదుకల్లా వస్తాను. చిన్న పడవ తెడ్లు మన పెద్ద పడవ డెక్ మీద లేవని కంగారుపడకండి. లోపల పరుపు పక్కన, నేను పడుకునే వైపు పెట్టాను. వాడాక పొడిబట్టతో తుడిచి మళ్ళీ అక్కడే పెట్టండి. రెయిలింగుకి మాత్రం కట్టొద్దు.

మొన్న మీరు చిన్న పడవలో నీళ్ళు తోడుతుంటే దాని తాడు ఊడి, గాలికి కొట్టుకుపోయారు. తెడ్లు మాత్రం ఇక్కడ రెయిలింగుకి మీరు వేసిన ఏడు ముళ్ళతో భద్రంగా ఉన్నాయి! "ముందు ఎడంపక్క ముడి లాగవే!" అని అక్కణ్ణించి మీ కేకలు. ఎవరో జాలరి మిమ్మల్ని లాక్కొచ్చేసరికి నేనింకా నాలుగో ముడి దగ్గరే ఉన్నాను.

మీకు చెప్పని సంగతొకటుంది. ఆ రోజు కూరగాయల కత్తి నా చేతికందే దూరంలోనే ఉంది. ముళ్ళు కోసి ఒక తెడ్డయినా మీవైపు విసిరి ఉండచ్చు. కొత్త తాడు కోస్తే తిడతారని కోయలేదు.

పరుపు ఇరుకైందని సణగొద్దు. నిద్రలో చెయ్యి వేస్తే ఒక పక్క మీరు, ఒక పక్క తెడ్లు తగలాలి నాకు.

అన్నట్టు, కత్తికి పదును పెట్టించాను. ఈసారి తాడు కోయాల్సొస్తే మిమ్మల్ని అడగను.