డబ్బా మీద అరచెయ్యి

బాపూ, వందనాలు. ఫోన్ల నీకు ఇనొస్తలేదని బోధన్ నుంచి ఈ కార్డు రాస్తున్న. మేం మంచిగనే ఉన్నం.

నీ అల్లుడు విడి సామాన్ల కిట్టు తెప్పించి రెండు స్పీకర్లు తనే బిగించిండు. చెక్క డబ్బాలను సాండ్‌పేపర్‌తోని రుద్ది రుద్ది అద్దం లెక్క చేసిండు. ఎనుకట చర్చిల నువ్వు డోలక్ కొట్టిన పాట పెడితే, పాట వచ్చింది గని డోలక్ సరిగ రాలె. ఒకదాంట్ల వైర్లు ఉల్టా పడ్డయట. మార్చంగనే ఇల్లంత దద్దరిల్లింది. ఏం పనిమంతుడు బాపూ!

అవ్వ మోకాలు నొప్పి తగ్గిందా? పసుపు ఉడకబెట్టిండ్రా? నీ లక్క పాలిష్ సీసా పట్టుకొని ఐతారం రా, డబ్బాలకు నీ చేతులతోనే పెట్టాలె. ఇనపడని పాటకు నేనెందుకని అనకు. డబ్బా మీద అరచెయ్యి పెట్టు, నీ డోలక్ దెబ్బ నీ చేతికే తెలుస్తది.

నీ బిడ్డ దీవెన